మేజరుగారి ఆకుపచ్చ

అల్లుడు చేసిన తప్పు ఒక్కటే. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మామగారి గదిలోకి వెళ్ళి, బల్ల మీద నిలబడి ఉన్న బొటనవేలంత సీసపు సైనికుణ్ణి చూసి, "చొక్కా రంగు కాస్త తేడాగా ఉన్నట్టుందండీ" అన్నాడు. కాఫీ తాగి, బాగుందండీ అని లేచి వచ్చేస్తే ఈ కథే లేదు. కానీ నోటి దురద ఒకటి ఏడిసిందిగా. దానికి వృత్తి దురద కూడా తోడయింది. సొట్టలు పడ్డ కార్లు బాగుచేసే షెడ్డులో రంగులు కలపడం అతని పని. ఎండకి వెలిసిన కారు తలుపుని తెచ్చి ముందు పెడితే, ఆ వెలిసిన ఎరుపునే డబ్బాలో పుట్టించి ఇవ్వాలి. షెడ్డులో అందరూ అతన్ని షేడు మాస్టారంటారు.

మామగారు పటాలంలో మేజరుగా చేసి రిటైరైన మనిషి. రిటైరై చాలాకాలమైనా ఇంట్లోవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ ఆయన మేజరుగారే. అల్లుడి మాట విని ఆయన పక్కనున్న కుర్చీ కాలితో ఇవతలకి జరిపారు.

"తేడానా? అయితే కూర్చో. కలుపు."

కూర్చున్నాడు. అప్పటికింకా అతని మీసం నల్లగానే ఉంది.

ఆ ఇంటికి అతను వచ్చింది రెండు నెలల మాట మీద. "మంచి ఇల్లు అద్దెకి దొరికేదాకా పైగదిలో ఉండండి బాబూ" అని అత్తగారు పిలిచింది. ఇల్లు దొరికింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు దొరికింది. దొరికినప్పుడల్లా మేజరుగారు "ఈ వరస పూర్తి కానీ, అప్పుడు వెళ్దురుగాని" అనేవారు. వరస పూర్తయ్యేది, ఇంకో వరస మొదలయ్యేది. ఇది ఇల్లరికం అని ఎవరూ పేరు పెట్టలేదు. పేరు పెట్టి ఉంటే కనీసం కాదనడానికి వీలుండేది.

వరసలు అంటే బొమ్మల వరసలు. మేజరుగారు ఒకప్పుడు ఒక కంపెనీ జవాన్లని వెంటబెట్టుకుని ఒక కొండ ఎక్కారు. ఎక్కినవాళ్ళలో సగంమందికి పైగా దిగలేదు. ఆ కంపెనీని మొత్తం, దిగినవాళ్ళనీ దిగనివాళ్ళనీ, బల్ల మీద నిలబెట్టాలని ఆయన పంతం. రంగు వెయ్యని సీసపు బొమ్మలు పోస్టులో వచ్చేవి. సన్నటి ఆకురాయితో ఆయనే ముక్కులు అరగదీసి, గడ్డాలు దిద్ది, ఒక్కొక్కణ్ణీ ఒక్కొక్క మనిషిని చేసేవారు. "వీడు చింపిరి. తల దువ్వరా అంటే దువ్వేవాడు కాదు. వీడు పాటగాడు. గొంతు వింటే గాడిద కూడా సిగ్గుపడేది" అని పరిచయం చేసి అల్లుడి చేతికిచ్చేవారు. కొండ సంగతి కూడా చెప్పేవారు. ఏ దారిన వెళ్ళారు, ఎవరు ముందు, ఎవరు వెనక, అన్నీ చెప్పి "అప్పటికి మంచు దట్టంగా పట్టి ఉంది" అనే మాట దగ్గర ఆగిపోయేవారు. ఎన్నిసార్లు చెప్పినా కథ ఆ మంచులోనే ఆగేది. తర్వాత ఏమైందని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

రంగు కలపడం అల్లుడి వంతు. ఓకర్ అనే మట్టిపసుపు, దాంట్లో నలుపు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే తమాషాగా ఆకుపచ్చ పుడుతుంది. దానికి సూదిమొన మీద పట్టేంత నీలం. ఆ పైన కాస్త తెలుపు, ఎందుకంటే పెద్ద గుడ్డ మీద సరిగ్గా ఉన్న రంగు చిన్న బొమ్మ మీదకి వచ్చేసరికి ముదురుగా కనిపిస్తుంది. ఆయిల్ రంగు కాబట్టి తిన్నగా వేస్తే బొమ్మ వర్షంలో తడిసినట్టు మెరుస్తుంది. అందుకని ట్యూబులోంచి అట్టముక్క మీదకి పిండి, అందులోని అవిసె నూనెని అట్ట పీల్చుకునేదాకా ఆగాలి. ఇక ఆరడం అంటారా, దాని దయ. ఆరాక పక్కన పెట్టి చూసుకోవడానికి మేజరుగారి పాత యూనిఫాం చేతి మడత లోపలినుంచి కత్తిరించిన గుడ్డముక్క ఒకటి ఉండేది. మడత లోపలిది కాబట్టి ఎండ సోకలేదు. ఆ గుడ్డకీ బొమ్మకీ తేడా తెలియనప్పుడు మేజరుగారు "ఊఁ" అనేవారు. ఆ ఒక్క ఊఁ కోసం అల్లుడు ఆదివారాలన్నీ ధారపోశాడు. అబద్ధమెందుకు, మొదట్లో అతనికి అది సంతోషంగానే ఉండేది.

తర్వాత్తర్వాత ఊఁ రావడం తగ్గిపోయింది.

"ఇదేమిటోయ్, బురద రంగు వేశావు?" అన్నారు ఒకరోజు. అల్లుడు గుడ్డముక్క తెచ్చి పక్కన పెట్టాడు. రెండూ ఒక్కటే. మేజరుగారు గుడ్డని కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పారు.

"గుడ్డ కూడా పాడయింది. పాతబడి పసుపెక్కింది. అవతల పారెయ్. మా ఆకుపచ్చ నా కళ్ళలో ఉంది. ఇకనుంచి నేను చెప్పిందే రంగు."

అప్పటినుంచి కొలత మారిపోయింది. ఇంకాస్త నీలం, ఇంకాస్త నీలం. ఒక వరస అయ్యేసరికి ముందు వరస పసుపెక్కిందనేవారు. అవిసె నూనె పాతబడితే పసుపెక్కే మాట నిజమే కాబట్టి అల్లుడూ నమ్మాడు. మళ్ళీ మొదటినుంచి ఇంకో పూత. గానుగెద్దు కూడా సాయంత్రమైతే కాడి దించుకుంటుంది, అతనికి ఆ భాగ్యం కూడా లేకపోయింది.

ఇంట్లో ఇంకో యుద్ధం నడుస్తోంది. మేజరుగారి తెల్లచొక్కాలు పచ్చబడుతున్నాయని, ఉతకడం చేతకాదని అత్తగారి మీద రోజూ కేకలు. ఆవిడ కిక్కురుమనకుండా నీలిమందు పాళ్ళు పెంచుకుంటూ పోయింది. ఒక మధ్యాహ్నం అల్లుడు పెరట్లోకి వెళ్ళేసరికి తీగ మీద చొక్కాలు వరసగా ఆరుతున్నాయి, అన్నీ లేత నీలం.

"అత్తయ్యగారూ, ఈ చొక్కాలు..."

"ఆయనకి ఇప్పుడు తెల్లగా కనపడుతున్నాయి బాబూ. నన్ను వదిలెయ్యి" అంది ఆవిడ, క్లిప్పులు నోట్లోంచి తీయకుండానే.

అల్లుడు పైకి వెళ్ళి రంగుల పెట్టె అడుగున దాచిన గుడ్డముక్క తీశాడు. రంగులు కలిపేవాడికి నమూనా పారెయ్యమంటే చేతులు రావు, అందుకే దాచాడు. పాత రేకుముక్క కూడా తీశాడు. మొట్టమొదట కుదిరిన ఆకుపచ్చని ఆ రేకు మీద కారు రంగుతో పూసి పెట్టుకున్నాడు, షెడ్డు అలవాటు. కారు రంగులో అవిసె నూనె లేదు, పసుపెక్కేది లేదు. గుడ్డనీ రేకునీ ఎండలో పక్కపక్కన పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. గుడ్డ మారలేదు, రంగు మారలేదు. మేజరుగారి కళ్ళలో శుక్లాలు ముదిరి, లోకమంతా ఆయనకి పసుపు పులుముకుని కనపడుతోంది.

వెంటనే కిందకి దిగి చెప్పాల్సింది. మెట్లు దిగాడు కూడా. మేజరుగారు గదిలో బొమ్మకి ముక్కు దిద్దుతున్నారు, అది దాదాపు ఆయన ముక్కుకే తగులుతోంది.

"ఏం అల్లుడూ?"

"ఏం లేదండీ" అన్నాడు.

ఏం లేదండీ అనడానికి కారణముంది. వేరే ఊళ్ళో రంగుల కంపెనీ ఒకటి అతన్ని తమ ల్యాబులోకి తీసుకుంటామంది. కొత్త షేడ్లు తయారుచేసే పని. షెడ్డులో ఇన్నేళ్ళు దుమ్ముకి దగ్గిన మనిషికి అది కలలో కూడా రాని పని. ఒకటో తారీఖుకి రాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామని ఖాయంగా చెప్పారు. మేజరుగారితో ఆ సంగతి చెప్తే "వెళ్దురుగాని, ముందు నా కంపెనీ మొత్తం ఒక్క రంగులో నిలబడాలి" అన్నారు. ఇప్పుడు కళ్ళ మాట ఎత్తితే ఆపరేషన్ అవుతుంది. ఆపరేషన్ అయితే ఆయనకి అసలు రంగు కనపడుతుంది. కనపడితే ఆ నీలమంతా గీకి మళ్ళీ మొదటి వరస నుంచి మొదలు. ఎటు తిరిగినా తలుపు లేదు.

ఆ రాత్రి భార్య సూట్‌కేసు దుమ్ము దులుపుతోంది.

"ఈసారైనా వెళ్తామా? నేను పుట్టినప్పటినుంచీ ఈ ఇంట్లో 'అలాగే నాన్నా' తప్ప ఇంకో మాట నేర్చుకోలేదండీ. మీరు బయటినుంచి వచ్చారు. మీకైనా వేరే మాటలు వస్తాయనుకున్నాను."

"వెళ్తాం. నేను చూసుకుంటాగా" అన్నాడు అతను.

చూసుకున్న విధం ఇది. నీలం కొద్దికొద్దిగా కలుపుతుంటేనే కదా మామగారు మళ్ళీమళ్ళీ వంక పెడుతున్నారు? ఒక్కసారే ఎక్కువ నీలం కలిపేశాడు. రాబోయే ఆర్నెల్లకి ఆ కళ్ళు ఎంత పసుపెక్కుతాయో ఇప్పుడే లెక్కగట్టి అంత ముందుకి వెళ్ళాడు. ఆ రంగుతో కంపెనీ మొత్తానికీ పూత వేశాడు. చింపిరి నీలం, పాటగాడు నీలం, అందరూ నీలం. కుంచె ముంచిన ప్రతిసారీ వాళ్ళ మొహాలు చూడకుండా వేశాడు. తప్పు చేస్తున్నానని తెలుసు. ఇంకెన్ని రోజులులే, వెళ్ళాక ఫోన్ చేసి మంచి డాక్టరుకి చూపించమని చెప్తాను అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు.

"ఆహా!" అన్నారు మేజరుగారు. "ఇదీ! ఇన్నాళ్ళకి పట్టావోయ్. ఇదీ మా ఆకుపచ్చ." అని అల్లుడి వీపు చరిచారు. అతనికి ఆ దెబ్బ చాలాసేపు మండింది.

కంపెనీని చూడ్డానికి మేజరుగారు తన పాత మనిషిని పిలిపించారు. కొండ దిగినవాళ్ళలో మిగిలిన ఒక్కడు, అప్పట్లో కంపెనీకి వంట చేసిన ముసలాయన. ఒకటో తారీఖుకి ఇంకా పది రోజులుంది. వంటాయన పాత పటాలం టోపీ పెట్టుకుని, కర్ర తాటించుకుంటూ వచ్చాడు. బల్ల ముందు నిలబడ్డాడు. నీలి సైన్యాన్ని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. తర్వాత అల్లుడి మొహంలోకి చూశాడు. అల్లుడు నేల చూపులు చూశాడు.

"ఎలా ఉందిరా రంగు?"

వంటాయన కర్ర చెయ్యి మార్చుకున్నాడు. "మన రంగే సార్. అచ్చం మన రంగే."

అల్లుడు ఊపిరి వదిలాడు. గుమ్మంలో అత్తగారు కూడా వదిలింది. ఇక గండం గడిచినట్టే అనుకుంటుండగా మేజరుగారు ఉత్సాహంగా చెయ్యి చాపారు.

"ఏదీ, నీ టోపీ ఇలా ఇవ్వు."

టోపీ తీసుకుని బొమ్మల పక్కన పెట్టారు. వంగి చూశారు. కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళారు.

"నీ టోపీ కూడా పసుపెక్కిపోయిందిరా" అన్నారు నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది. టోపీని అలాగే పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎక్కడో వాడి ఇంట్లో ఉన్న టోపీ, ఇక్కడ తన యూనిఫాంలోంచి కత్తిరించిన చేతిమడత గుడ్డ, రెండూ కూడబలుక్కున్నట్టు ఒక్కలాగే పసుపెక్కుతాయా? పటాలాన్ని నడిపిన బుర్ర, ఆ మాత్రం కూడిక దానికి కష్టం కాదు.

"అల్లుడూ, ఆ గుడ్డముక్క పారేశావా?"

పారేశానండీ అంటే సరిపోయేది. కానీ అతని చెయ్యి అప్పటికే రంగుల పెట్టె అడుగుకి వెళ్ళింది. తెచ్చి ఇచ్చాడు. మేజరుగారు టోపీనీ గుడ్డనీ కలిపి పట్టుకున్నారు.

"ఇవి రెండూ ఏ రంగు?"

"ఆకుపచ్చండీ. మీ ఆకుపచ్చే."

"బల్ల మీదివి?"

"నీలమండీ" అన్నాడు అల్లుడు.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

గుడ్డ దాచిపెట్టుకున్నవాడు వేరే చెప్పాల్సిందేముంది? మేజరుగారు కేకలేస్తారని అందరూ ఎదురుచూశారు. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. అంతే. ఆ రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

నాలుగు రోజుల్లో ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోది తర్వాత చేస్తామన్నారు. కట్టు విప్పిన సాయంత్రం భార్యాభర్తల సూట్‌కేసులు మెట్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పొద్దున్నే బండి. మేజరుగారు మెట్ల పక్కనుంచి వస్తూ సూట్‌కేసులు చూశారు. వరండాలో తన చొక్కా చేతిని ఎత్తి చూసుకున్నారు.

"ఈ నీలం చొక్కా ఎవరిదే?"

"మీదేనండీ" అంది అత్తగారు. అని, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆయన ముందే ఏడ్చింది.

గదిలోకి వెళ్ళి ఆయన అల్లుణ్ణి పిలిచారు. పాత కంటిని అరచేత్తో మూసుకుని కొత్త కంటితో బల్ల వైపు చూశారు. చెయ్యి మార్చి రెండో కంటితో చూశారు. పాత కంటికి తన కంపెనీ, కొత్త కంటికి ఎవరో నీలిబట్టల వాళ్ళు. అలా చాలాసేపు మారుస్తూ కూర్చున్నారు.

"ఆ రోజు పొద్దున వీళ్ళని అడిగాను" అన్నారు, మూడో వరసలో బొమ్మల మీద వేలు పెట్టి. "మంచు ఇంకో గంట ఉంటుందా అని. ఉంటుంది సార్ అన్నారు. ఆ మాట ముందు అన్నవాడు ఈ చింపిరి. వాడికి కొండలు తెలుసు. ఉండదని కూడా తెలుసు. నేను ఏ మాట వినాలనుకుంటున్నానో అది చెప్పాడు. సగం ఎక్కేసరికి మంచు విడిపోయింది. తెర తీసినట్టు ఎదురుగా ఉన్న శత్రువులకి మేము కనపడ్డాం."

మంచు తర్వాత కథ అల్లుడు వినడం అదే మొదలు.

"అప్పటినుంచీ ఎవరైనా నాకు ఎదురు చెప్తారేమోనని చూస్తున్నాను. మొదటి ఆదివారం నువ్వు చెప్పావు. రంగు తేడాగా ఉందన్నావు. అందుకేనోయ్ నిన్ను కూర్చోబెట్టింది." కొత్త కంటిలోంచి నీరు కారుతోంది. మందు వల్లనో మరెందుకో. "నిన్ను కూడా వాళ్ళలాగే చేసేశాను. ఇప్పుడొక్కటి అడుగుతాను. నా మొహం చూడకు. నాకు నచ్చేది చెప్పకు. నీకు వెళ్ళాలని ఉందా?"

గుమ్మం అవతల భార్య నిలబడి ఉందని అల్లుడికి తెలుసు. ఆమె చీర కుచ్చెళ్ళు తలుపు కింద కనపడుతున్నాయి. వెళ్ళాలని ఉంది. ఉందండీ అన్న ఒక్క మాట చాలు. దానికోసమే కదా చేసిందంతా! నోరు తెరిచాడు. చూడొద్దన్న మొహమే చూశాడు. ఆ ముసలి మొహంలో ఒక కన్ను తెల్లగా, ఒక కన్ను పసుపుగా, రెండూ అతని మీదే ఉన్నాయి.

"అబ్బే, అదేం లేదు మామయ్యగారూ" అన్నాడు.

తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. మేజరుగారి మొహం విప్పారింది.

"నిజంగానే?"

"నిజంగానేనండీ."

"నాకు తెలుసోయ్!" అన్నారు ఆయన, అతని భుజం పట్టుకుని ఊపేస్తూ. "నాకు తెలుసు. ఎవరు అబద్ధం చెప్తున్నారో ఇప్పుడు నాకు చక్కగా కనపడుతుంది."

తలుపు కింద కుచ్చెళ్ళు కదిలి వెళ్ళిపోయాయి. కాసేపటికి మెట్ల మీద ఒక్కొక్క మెట్టుకీ సూట్‌కేసు తగులుతూ పైకి వెళ్తున్న చప్పుడు వినపడింది. ఆగకుండా ఇంకో సూట్‌కేసు కూడా వెళ్ళింది.

అల్లుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టర్పెంటైన్ మూత తిప్పి, చింపిరిని ముందుకి జరుపుకుని, వాడి చొక్కా మీది నీలం తుడవడం మొదలుపెట్టాడు. ఓకర్ పిండాడు, నలుపు కలిపాడు, సూదిమొన మీద పట్టేంత నీలం చేర్చాడు. గుడ్డముక్క పక్కన పెట్టి చూశాడు. రంగు మొదటిసారే అచ్చు గుద్దినట్టు కుదిరింది.

"ఊఁ" అన్నారు మేజరుగారు.